ఊరి చుట్టూ సైన్సు, ఊళ్లో లేని సభ

తిరుపతి బస్టాండు నుంచి ఎటు కదిలినా గంట, రెండు గంటల్లో ఏదో ఒక పెద్ద పరిశోధన సంస్థ గేటు కనిపిస్తుంది. శ్రీకాళహస్తి వైపు ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు చదువులకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ ఉన్నాయి. రెండూ 2015లో మొదలయ్యాయి. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది కాబట్టి శ్రీహరికోట రాకెట్ కేంద్రం కూడా ఇప్పుడు ఈ జిల్లాదే. ఇక ఊళ్లో 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ ఉన్నాయి. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచి నడుస్తోంది. ఈ సైజు ఊరికి ఇన్ని సంస్థలు దొరకడం అరుదు.

అయినా ఓ శనివారం సాయంత్రం షాపు కట్టేసో, ఆఫీసు నుంచి వచ్చి ఓ కాఫీ తాగో, ఒక మంచి సైన్సు ఉపన్యాసం విని వద్దామనుకునే మనిషికి ఇక్కడ వెళ్లే చోటు దొరకడం కష్టం. ఉపన్యాసాలు జరగవని కాదు. ఏ నెల చూసినా ఏదో ఒక క్యాంపస్‌లో బయటి నుంచి వచ్చిన వక్త మాట్లాడుతూనే ఉంటారు. కానీ అది పనిరోజున, పొద్దున పదకొండింటికి, సెమినార్ హాల్లో, ఇంగ్లీషులో, ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ల కోసం జరుగుతుంది. కబురు నోటీసు బోర్డు దాటదు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు, ఒక ఫొటో వస్తాయి. సభ జరిగిందని ఊరికి తెలిసేది అది అయిపోయాకే.

అందుకని తిరుపతిలో లోటు శాస్త్రవేత్తలది కాదు, శ్రోతలది అంతకన్నా కాదు. సభను ఊరివాళ్ల తీరికవేళకు, ఊరి మధ్యకు, ఊరి భాషలోకి తెచ్చి, వచ్చే నెల కూడా ఉంటుందన్న నమ్మకం కలిగించే ఏర్పాటు లేదు. లోటల్లా అదే.

కూర్చుని వినడం తెలిసిన ఊరు

సైన్సు సభ పెడితే జనం రారు అనే మాట నిర్వాహకుల నోట తరచూ వినిపిస్తుంది. వేరే ఊళ్ల సంగతి ఎలా ఉన్నా తిరుపతి విషయంలో ఆ మాట నిలబడదు. మహతి ఆడిటోరియంలోనో అన్నమాచార్య కళామందిరంలోనో పేరున్న ప్రవచనం ఉందంటే జనం ముందే వచ్చి సీట్లు చూసుకుంటారు. రెండు గంటలు కదలకుండా వింటారు. హాజరు వేసేవాళ్లు లేరు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు. వచ్చేవాళ్లలో రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల్ని ట్యూషన్‌లో దింపి వచ్చిన తల్లులు ఉంటారు. అవధానంలో పృచ్ఛకుడు ఇరకాటంలో పెట్టే ప్రశ్న వేస్తే ముందు నవ్వి, అవధాని దాన్ని దాటగానే చప్పట్లు కొట్టే శ్రోతలు వీళ్లు. కష్టమైన విషయం చెబితే పారిపోతారని వీళ్ల గురించి అనుకోవడం అన్యాయం.

ప్రవచనకారుల దగ్గర సైన్సు వక్తలు నేర్చుకోవాల్సింది కూడా చాలా ఉంది. వాళ్లు శ్రోతకు తెలిసిన కథతోనే మొదలుపెడతారు. మధ్యలో ఒక సందేహం లేవనెత్తి వదిలేస్తారు. పక్కదారి పట్టి, ఓ నవ్వు పుట్టించి, తిరిగి ఆ సందేహం దగ్గరికే వస్తారు. చేతిలో మైకు తప్ప ఏమీ ఉండదు. సైన్సు వక్త అరవై స్లైడ్లతో వస్తారు. వాటిలో సగం ఆయన పరిశోధన పత్రాల్లోని గ్రాఫులు. వెనక వరసకు అక్షరాలు కనిపించవు, ముందు వరసకు కనిపించినా అర్థం కావు. ఇరవయ్యో స్లైడు దగ్గర నిర్వాహకులు గడియారం చూడటం మొదలుపెడతారు, మిగతా నలభై స్లైడ్లూ ఐదు నిమిషాల్లో పరుగెత్తుతాయి.

మద్రాసు వాళ్లు ఈ కిటుకు పట్టుకున్నారు. అక్కడి గణిత శాస్త్ర సంస్థ 'సైన్స్ ఎట్ ద సభా' పేరుతో ఉపన్యాసాలను తన క్యాంపస్‌లో కాకుండా కచేరీలకు పేరుపడ్డ మ్యూజిక్ అకాడమీలో పెట్టింది. కచేరీకి వెళ్లే అలవాటున్న ఊరిని కచేరీ హాల్లోనే కలుసుకోవాలన్నది అందులోని ఆలోచన. బెంగళూరులో సైద్ధాంతిక విజ్ఞాన పరిశోధన సంస్థ ఐసీటీఎస్ 'కాపీ విత్ క్యూరియాసిటీ' పేరుతో సెలవురోజు ఉపన్యాసాలు నడుపుతోంది. లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసాలను శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1825లో మొదలుపెట్టాడు. అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. ఈ మూడింటిలోనూ కనిపించే పోలిక ఒక్కటే. నెలో ఏడాదో, దాని వేళ దానికి ఉంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం ఉంటుందని ఎవరికీ వాట్సాప్‌లో గుర్తుచేయక్కర్లేదు. సభకు కూడా అలాంటి వారం ఒకటి స్థిరపడితే సగం ప్రచారం ఖర్చు తగ్గుతుంది.

జాతర సైన్సు

తిరుపతి పెద్ద సభలు చూడని ఊరు కాదు. భారత సైన్స్ కాంగ్రెస్ ఇక్కడ రెండుసార్లు జరిగింది, మొదట 1983లో, తర్వాత 2017 జనవరి 3 నుంచి 7 దాకా. రెండోసారి ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో ప్రధాని ప్రారంభించిన ఆ 104వ సమావేశానికి నోబెల్ గ్రహీతలు కూడా వచ్చారు. న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలకు ద్రవ్యరాశి ఉందని చూపించిన తకాకి కజితా, కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాన్ని విప్పిచెప్పిన ఆదా యోనత్ వారిలో ఉన్నారు. ఐదు రోజులు ఊరంతా సైన్సు ఫ్లెక్సీలే. ఆరో రోజు టెంట్లు విప్పేశారు.

జాతర చేయడం తప్పని కాదు. ఆ ఐదు రోజుల్లో ఒక నోబెల్ గ్రహీతను దూరం నుంచైనా చూసిన పదో తరగతి పిల్ల తర్వాత ఏ దారి పట్టిందో ఎవరు చెప్పగలరు? కాకపోతే జాతర మీద పెట్టిన శ్రద్ధలో పిసరంత నెలవారీ సభ మీద పెట్టినా ఊరికి మిగిలేది ఎక్కువ. పైగా జాతర ఇంకొకరి చేతుల్లో ఉంటుంది. 2023 జనవరిలో నాగపూర్ సమావేశం తర్వాత సైన్స్ కాంగ్రెస్సే ఆగిపోయింది. 2024లో జరగాల్సింది వాయిదా పడింది.

ఏటా జరిగే చిన్న జాతర ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజున సి.వి. రామన్ తన కాంతి ఫలితాన్ని ప్రకటించారు. 1987 నుంచి దాన్ని పండగలా చేస్తున్నారు. తేదీకి చరిత్ర ఉంది గానీ ఆంధ్రాలో అది మహా ఇబ్బందైన తేదీ. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఫిబ్రవరి ఆఖరుకో మార్చి ఒకటికో మొదలవుతాయి. సైన్సులో పడాలా వద్దా అని తేల్చుకునే వయసు పిల్లలు సరిగ్గా ఆ వారం హాల్ టికెట్లు, ప్రాక్టికల్ రికార్డుల టెన్షన్‌లో ఉంటారు. అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవం చాలా ఏళ్లు దసరా సెలవుల్లోనో వాటి అంచునో పడుతుంది. ఉన్నవాటిలో కాస్త నయం ఆగస్టు 23. 2023లో చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన ఆ రోజును జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించారు. ఆగస్టులో పరీక్షలు లేవు, పెద్ద సెలవులూ లేవు.

సభ లోపలి తంతు మరీ విచిత్రం. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, అధ్యక్షుల తొలిపలుకు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి. వేదిక మీద తొమ్మిది మంది, వాళ్లలో మాట్లాడటానికి పిలిచిన శాస్త్రవేత్త చివరి కుర్చీలో. ఆయన దాకా మైకు వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది. తర్వాత శాలువా, జ్ఞాపిక, తిరుపతి కాబట్టి లడ్డూ ప్రసాదం, గ్రూప్ ఫొటో. ప్రశ్నలకు టైం లేదంటారు. నిధులిచ్చిన చోటికి యుటిలైజేషన్ సర్టిఫికెట్‌తో పాటు ఫొటోలు పంపాలి కాబట్టి ఫొటోకే మొదటి పీట. శ్రోతలకు ఏమర్థమైందో ఆ ఫారంలో అడగరు.

ఇంకో సంగతి. జనంలోకి వెళ్లే సైన్సు కార్యక్రమాల్లో చాలా మటుకు బడిపిల్లలవే. ప్రదర్శనలు, క్విజ్‌లు, బాలల సైన్స్ కాంగ్రెస్, 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి పోటీలు అన్నీ వాళ్ల కోసమే. మంచిదే. కానీ వరద వచ్చినప్పుడు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని తేల్చేది పిల్లలు కాదు. షుగర్ మాత్రలు ఆపేసి పసరు తాగాలా అని ఆలోచించేదీ, బోరు ఎన్ని అడుగులు వేయాలో బేరమాడేదీ పెద్దవాళ్లే. పెద్దల కోసం సైన్సు సభ అన్న ఊహే మన దగ్గర బలహీనంగా ఉంది.

గాదంకి గాలి కబురు

ఏం మాట్లాడాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో వెతుక్కోవాల్సిన పని లేదు. గాదంకినే తీసుకుందాం. తిరుపతి, చిత్తూరు మధ్య బస్సులో రోజూ తిరిగేవాళ్లలో అక్కడ ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. కొండల నడుమ దాదాపు నాలుగెకరాల చదరంలో 1,024 యాగీ యాంటెనాలు వరసలుగా నిలబడి ఉంటాయి. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దెల మీద కట్టిన యాంటెనాల జాతే అది. అవన్నీ కలిసి ఒకే రాడార్. 1990ల మొదట్లో పని మొదలుపెట్టింది. సెకనుకు 5 కోట్ల 30 లక్షల సార్లు ఊగే రేడియో తరంగాన్ని నిట్టనిలువుగానో కాస్త వాలుగానో ఆకాశంలోకి పంపుతుంది. మామూలు వాతావరణ రాడార్ వాన చినుకుల్ని చూస్తుంది. ఇది మబ్బులేని ఉత్త గాలిని చూస్తుంది.

ఉత్త గాలి కంటికి కనిపించదు, మరి రాడార్‌కెలా కనిపిస్తుంది? గాలి పైకి నున్నగా ఉన్నట్టనిపించినా లోపల సుడులు తిరుగుతూ ఉంటుంది. వేడి గాలి, చల్ల గాలి, తేమ గాలి ముద్దలుముద్దలుగా కలుస్తుంటాయి. ఆ ముద్దల దగ్గర రేడియో తరంగం రవ్వంత వెనక్కి తుళ్లుతుంది. ఈ రాడార్ తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైచిలుకు. అందులో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల సైజులో ఉన్న సుడుల నుంచి వచ్చే ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడై గట్టిగా వినిపిస్తాయి. గాలి రాడార్ వైపు వస్తుంటే తిరిగొచ్చిన తరంగం ఊగే వేగం కొంచెం పెరుగుతుంది, దూరంగా పోతుంటే తగ్గుతుంది. దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడానికి కారణం కూడా ఇదే. గాలి సెకనుకు పది మీటర్ల వేగంతో రాడార్ వైపు వస్తే, ఆ 5 కోట్ల 30 లక్షల ఊపుల్లో వచ్చే తేడా మూడున్నర. దాన్ని పట్టుకుని ఇరవై కిలోమీటర్ల ఎత్తు దాకా ఏ పొరలో గాలి ఎటు వీస్తోందో చెబుతారు. చుట్టూ కొండలుండటం వల్ల బయటి రేడియో రొద లోపలికి రాదు. అందుకే రాడార్‌ను ఈ పల్లె దగ్గర పెట్టారు.

ఈ నాలుగు మాటలు తెలుగులో, యాంటెనా ఒకటి చేతిలో పట్టుకుని, తిరుపతి కార్పొరేషన్ హాల్లో చెబితే వినేవాళ్లు ఉండరా? ముఖ్యంగా 2021 నవంబరు చూసినవాళ్లు. ఆ నెల 18, 19 తేదీల్లో బంగాళాఖాతంలో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. తిరుమల ఘాట్ రోడ్లు, మెట్ల దారి దెబ్బతిన్నాయి. స్వర్ణముఖి పొంగింది. రెండు రోజుల తర్వాత రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చిందని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కట్ట తెగిందంటూ ఫోన్లలో తిరిగిన పుకార్లు నీటికన్నా వేగంగా వచ్చాయి.

తిరుపతికి అంత వాన నవంబరులో ఎందుకు? రాష్ట్రంలో చాలా భాగానికి ప్రధాన వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతివి. ఈ దక్షిణ కొసకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య గాలులు కూడా గట్టి వాన తెస్తాయి. సముద్రం మీద తేమ నింపుకుని తూర్పు నుంచి వచ్చే గాలికి శేషాచలం కొండలు అడ్డం నిలబడతాయి. గాలి కొండెక్కుతుంది, చల్లబడుతుంది, తేమ దించేస్తుంది. కొండ కిందే ఊరు. ఆ నీళ్లు దిగే దారుల్లో కొన్నిటి మీద ఇప్పుడు లేఅవుట్లు ఉన్నాయి. ఈ ఉపన్యాసం ఏటా అక్టోబరు మొదటి వారంలో జరగాలి. గాదంకి నుంచి ఒకరు, నీటిపారుదల నుంచి ఒకరు, మునిసిపాలిటీ నుంచి ఒకరు కూర్చోవాలి. మూడోవాళ్లు రావడానికి ఇష్టపడకపోవచ్చు.

మిద్దె మీద రాకెట్టు, స్తంభం కింద నీడ

తిరుపతికీ శ్రీహరికోటకూ సూటిగా దాదాపు 90 కిలోమీటర్లు. మబ్బులేని రాత్రి ప్రయోగం ఉంటే ఇక్కడి మిద్దెల మీద నుంచి తూర్పున నారింజ రంగు చుక్క ఒకటి లేవడం కనిపిస్తుంది. 2019 నుంచి అక్కడ ప్రేక్షకుల గ్యాలరీ కూడా ఉంది. ఇస్రో వెబ్‌సైట్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుని వెళ్లి దగ్గర నుంచి చూడొచ్చు. అక్కడిదాకా వెళ్లలేనివాళ్లకు మిద్దే చాలు, పక్కన వివరం చెప్పే మనిషి ఒకరుంటే.

ఆ మనిషి చెప్పగలిగేది ఏమిటంటే, కనిపించే ఆ చుక్క కదిలే తీరును బట్టి అది ఏ పనిమీద పోతోందో ఊహించొచ్చు. కమ్యూనికేషన్ ఉపగ్రహాలు తీసుకెళ్లే జీఎస్ఎల్వీ రాకెట్టు తూర్పుకు పోతుంది. భూమి తిరిగే దిక్కు అదే కాబట్టి ఆ వేగం కలిసొస్తుంది. తిరుపతి నుంచి చూస్తే పైకి లేచి అటే దూరమైపోతున్నట్టుంటుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలతో ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పోయే పీఎస్ఎల్వీ కుడివైపుకు, దక్షిణానికి మళ్లుతుంది. అది కూడా తిన్నగా దక్షిణానికి పోదు. శ్రీలంక దారిలో ఉంది కాబట్టి, కాలిపోయిన దశలు జనం మీద పడకుండా ముందు ఆగ్నేయానికి పోయి తర్వాత దక్షిణానికి వంపు తిరుగుతుంది. ఆ వంకరలో ఇంధనం వృథా అవుతుంది. చిన్న రాకెట్ల కోసం తమిళనాడు దక్షిణ కొసన కులశేఖరపట్నంలో కొత్త కేంద్రం కడుతున్నది ఆ వృథా తప్పించడానికే. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు నమూనా పట్టుకుని తిరుమలకు, సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం మాత్రం టీవీల్లో ప్రతిసారీ వస్తుంది. వంకర దారి సంగతి రాదు.

దీనికన్నా తేలికైన సభ ఒకటుంది. హాలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 26, 27 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 16 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఊరి నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు, ఆగస్టులో 12:16కు నిట్టనిలువు స్తంభానికి పక్కన నీడ పడదు. చిత్తూరు కాస్త దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్‌లో ఒక రోజు ముందు, ఆగస్టులో ఒక రోజు తర్వాత. ఏప్రిల్ ఆఖరుకు బడులకు సెలవులు ఇచ్చేస్తారు, ఆగస్టులో మబ్బులుంటాయి. రెండిటికీ సిద్ధంగా ఉండాలి.

నీడ మాయమైందని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే అది తమాషా. ఆ రోజే హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, మీటరు కర్ర నిలబెట్టి, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలవమంటే అది ప్రయోగం. అక్కడ సుమారు ఆరున్నర సెంటీమీటర్ల నీడ వస్తుంది. అంటే సూర్యుడు నడినెత్తి నుంచి మూడు ముప్పావు డిగ్రీలు వాలి ఉన్నాడు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 415 కిలోమీటర్లు. పూర్తి చుట్టు 360 డిగ్రీలు, అందులో మూడు ముప్పావు డిగ్రీల ముక్కలు 96 పడతాయి. 415ను 96తో గుణిస్తే 39,840. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు. 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో ఇదే పద్ధతిలో కొలిచాడు. ప్రకాశం పార్కులో వాకింగ్ చేసేవాళ్లు ఒక కర్ర, ఒక టేపు, ఒక ఫోనుతో ఈ పని చేసేయగలరు.

గ్రహణం రోజు గొడవ వద్దు

తిరుపతిలో ఖగోళం గురించి అందరూ మాట్లాడే రోజు గ్రహణం రోజు. తిరుమల ఆలయం తలుపులు గంటల తరబడి మూస్తారు. 2025 సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణానికి మధ్యాహ్నం నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా మూసి ఉంచారు. శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణ సమయంలోనూ దర్శనాలు నడుస్తాయి. సైన్సు కార్యకర్తలు ఆ రోజు వీధిలో నిలబడి టిఫిన్ తింటూ నిరసనగా ఫొటో దిగడం ఒక పద్ధతి. దానికి చారిత్రక కారణాలున్నాయి, ధైర్యం కూడా ఉంది. కానీ ఈ ఊళ్లో దానివల్ల టెలిస్కోపు దగ్గరికి రావాల్సిన జనం రోడ్డు దాటి అటువైపు నిలబడతారు. నమ్మకం మీద వాదన మొదలైతే చంద్రుణ్ని ఎవరూ చూడరు.

ఇంకో దారి ఉంది. స్పర్శ, మధ్యం, మోక్షం అని పంచాంగంలో రాసే వేళలు తిరుపతిలో ఇంటింటికీ తెలుసు. 2025 గ్రహణానికి నీడ చంద్రుణ్ని తాకింది రాత్రి 9:57కు, పూర్తిగా కమ్మింది 11:01కి, వదిలింది 1:27కు. పంచాంగం చెప్పిన వేళకే చంద్రుడు ఎర్రబడ్డాడంటే ఆ లెక్క ఎలా వేస్తారు? రెండు పంచాంగాలు ఒకే పండగను రెండు రోజులు ఎందుకు చెబుతాయి? పాత సూత్రాలతో లెక్కించే వాళ్లకూ ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిచూసుకునే వాళ్లకూ తేడా ఎక్కడ వస్తుంది? ఈ ప్రశ్న మీద సంస్కృత విశ్వవిద్యాలయం నుంచి ఒక జ్యోతిష పండితుణ్ని, ఐసర్ నుంచి ఒక ఖగోళ శాస్త్రవేత్తను పక్కపక్కన కూర్చోబెడితే ఆ హాలు సరిపోదు. పండగ ఏ రోజన్నది ఈ జిల్లాలో మామూలు చర్చ కాదు. సిద్ధం కావడానికి టైం కూడా ఉంది. 2031 మే 21న కంకణ సూర్యగ్రహణం కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా పోతుంది. తిరుపతిలో పాక్షికంగా కనిపిస్తుంది.

ఇక కొండ. ఘాట్ రోడ్డులో ఒకచోట కింద పాత గ్రానైటు, దాని మీద ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైటు పొరలు కనిపిస్తాయి. రెంటి వయసుల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా ఉందని భూగర్భ శాస్త్రవేత్తల లెక్క. కొండ మీది శిలాతోరణంతో పాటు ఆ చోటును కూడా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. రోజుకు అరవై, డెబ్బై వేల మంది తిరుమలకు వస్తారు. శిలాతోరణం దగ్గర సెల్ఫీ తీసుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ గ్రానైటును మాత్రం బస్సు కిటికీలోంచి చూసినా చూసినట్టు తెలియదు.

చోటు, భాష, బస్సు

ఏర్పేడు క్యాంపస్‌లలో పనిచేసే ప్రొఫెసర్లలో చాలామంది బయటి రాష్ట్రాల వాళ్లు. వాళ్లను తెలుగులో మాట్లాడమనడం కుదరదు, ఇంగ్లీషులో మాట్లాడితే ఊరు రాదు. అక్కడే పరిశోధన చేస్తున్న తెలుగు పిల్లలున్నారు. ప్రొఫెసర్ పది నిమిషాలు చెబితే విద్యార్థి దాన్ని తనదైన మాటల్లో, ఊరి ఉదాహరణలతో ఎత్తుకోవాలి. మాటకు మాట అనువాదం చేస్తే మాత్రం రెండు భాషల వాళ్లూ నిద్రపోతారు. ఇద్దరూ ఒక పూట ముందు కూర్చుని రిహార్సల్ చేసుకోవాలి. కచేరీకి అంత చేస్తారు, సైన్సు సభకు చేస్తే తప్పేముంది?

ఊరివాళ్లు పాతిక కిలోమీటర్లు వెళ్లి, గేటు దగ్గర పేరు రాయించుకుని, సాయంత్రం ఆరు తర్వాత హైవే మీద బస్సు కోసం నిలబడాలనుకోవడం అత్యాశ. శాస్త్రవేత్తే ఊళ్లోకి రావాలి. ఒక కారులో ముగ్గురు వస్తారు, మూడు వందల మంది వెళ్లాలంటే ఎన్ని బస్సులు? అలిపిరి విజ్ఞాన కేంద్రం మంచి చోటే గానీ పగటివేళ అది భక్తుల కుటుంబాలతో, స్కూలు బస్సులతో నిండి ఉంటుంది. సాయంత్రం ఊరివాళ్ల కోసం తలుపు తెరిస్తే ఆ ప్రాంగణానికి రెండో షిఫ్టు దొరుకుతుంది.

చిత్తూరు పరిస్థితి వేరు. జిల్లా విడిపోయాక పైన చెప్పుకున్న సంస్థల్లో ఒక్కటీ చిత్తూరు జిల్లాలో మిగల్లేదు. గాదంకి ఉన్న పాకాల మండలం కూడా తిరుపతి వైపుకే పోయింది. అక్కడ సభ అంటే బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. వ్యవసాయం నుంచి మొదలుపెడితే వినేవాళ్లు మాత్రం సిద్ధంగా ఉన్నారు. తోతాపురి మామిడికి పూత ఎందుకు రాలుతుంది, పండు ఈగకు ఎర ఎలా పనిచేస్తుంది అంటే గంటసేపు ప్రశ్నలు ఆగవు. రైతు మేళాల్లో జరిగేది అదే. దాన్ని ఎవరూ సైన్సు సభ అనరు, అంతే.

ఖర్చు పెద్దది కాదు. హాలు అద్దె, మైకు, మంచినీళ్లు, చివర కాఫీ. అసలు ఖర్చు ఒక మనిషి సమయం. వచ్చే మూడు నెలల వక్తల్ని ముందే ఖాయం చేసి, స్లైడ్లు చూసి సగం తీసేయించి, వేదిక మీద కుర్చీలు రెండుకు మించకుండా అడ్డుపడే మనిషి ఒకరు కావాలి. ఈ ఆఖరి పనికి కాస్త మొండితనం ఉండాలి.

సభ గంటన్నర అయితే అందులో ముప్పావుగంట ప్రశ్నలకు వదలాలి. మైకు తిప్పితే అది ముందు వరసలోని రిటైర్డ్ హెడ్మాస్టర్ల దగ్గరే ఆగుతుంది. వాళ్లు ప్రశ్న అడగరు, ఇంకో ఉపన్యాసం ఇస్తారు. వెనక కూర్చున్న డిగ్రీ అమ్మాయిలు, మొదటిసారి వచ్చిన ఆటో డ్రైవరు నోరు విప్పరు. అందుకని గుమ్మం దగ్గరే ప్రతి ఒక్కరికీ ఒక చీటీ, పెన్సిల్ ముక్క ఇచ్చి, మధ్యలో వాటిని పోగుచేసి, నిర్వాహకుడే చదవాలి. తెలుగులో రాసినా, తప్పులతో రాసినా అలాగే చదవాలి. చీటీ మీద పేరు రాయమని మాత్రం అడగకూడదు.